తొడగూటి నొప్పి – చెప్పుకోలేని సాక్ష్యము

కుటుంబము – ఆరోగ్యము – విశ్వాసము



ఈ నెల ఒక నొప్పిని గూర్చి మీతో మాట్లాడదలచాను. అది ప్రాణము మీదికి వచ్చే జబ్బు కాదు. అయినా ముసలివారిని రాత్రులు నిద్ర పోనివ్వదు. పగలు నలుగురిలో కూర్చోనివ్వదు. ఇంటివారు అడిగితే "ఏమీ ల్యాదు" అనిపిస్తుంది. ఆ "ఏమీ ల్యాదు" అన్న మాట వెనుక ఏముందో తెలిసికొనడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలల ఆలస్యములో తప్పు నాదే. అందుకే దీనిని వ్రాస్తున్నాను.

నందవరం ప్రాంతములోని మా సంఘములో ఒక అవ్వ ఉన్నది. వయస్సు డెబ్బై దాటింది. పేరు చెప్పను గాని, ఆమెను అడిగిన తరువాతనే వ్రాస్తున్నాను. వయస్సులో ఉన్నన్నాళ్లూ నల్లరేగడి చేలలో పత్తి తీసిన చేతులు ఆమెవి. భర్త ప్రభువునందు నిద్రించి చాలా ఏండ్లయినది. ఒక్కడే కొడుకు. పంటలు చేతికి రాని ఏడు కొడుకు, కోడలు మన ప్రాంతపు వారందరివలెనే సుగ్గికి పోతారు. గుంటూరు వైపు మిరపకాయలు కోసి నాలుగు డబ్బులు తెచ్చుకొంటారు. అప్పుడు పిల్లలకు వండిపెట్టేది, కుళాయి దగ్గర వంతు కాచి బిందె మోసేది ఈ అవ్వే.

ఆ కుళాయి దగ్గరే పాచి మీద కాలు జారి పడింది. తొడ ఎముక పైభాగము, డాక్టర్లు "మెడ" అనేచోట, విరిగింది. కొడుకు అప్పు చేసి ఆసుపత్రికి తీసికొని పోయాడు. విరిగిన ఎముక తల తీసివేసి లోహపు కీలు వేశారు. మూడో నెలకు అవ్వ చేతికర్రతో నడిచింది. ఐదో నెలలో మందిరానికి వచ్చింది. నేను ఉబ్బిపోయాను. ఆ ఆదివారమే ఆమెను లేపి నిలబెట్టి సాక్ష్యము చెప్పించాను. "ప్రభువు నన్ను పూర్తిగా బాగు చేసినాడు" అని ఆమె చెప్పింది. సంఘమంతా స్తోత్రము చెప్పింది. అంతటితో ఊరుకోక, తరువాత జరిగిన కూడికలలో కూడా ఆ సాక్ష్యమును నేను రెండు మూడుసార్లు చెప్పాను.

కొన్ని నెలలకు ఆమెలో మార్పు చూచాను. ఆలస్యముగా రావడము, తలుపు ప్రక్కన గోడకు ఆనుకొని నిలబడడము, ప్రార్థనకు మోకరించకపోవడము, ఆరాధన ముగియకముందే లేచిపోవడము. నాకు తోచినదేమిటో దాచకుండా చెప్తాను: ఆమె చల్లారిపోతున్నదనుకొన్నాను. ఒక ఆదివారము, బాగుపడిన పదిమంది కుష్ఠరోగులలో ఒక్కడే తిరిగివచ్చిన సంగతి బోధిస్తూ, మేలు పొంది మరచిపోయేవారిని గూర్చి గట్టిగానే మాట్లాడాను. ఆ రోజు అవ్వ తలుపు దగ్గరే నిలబడి ఉంది. తల వంచుకొని విన్నది.

ఆ వారములో నా భార్య వాళ్ల ఇంటికి వెళ్లింది. తెల్లవారుజామున నాలుగు గంటలకు కూడా అవ్వ గోడకు చేరగిలబడి కూర్చొనే ఉంటుందని మనుమరాలు చెప్పింది. "ఏమవ్వా, పడుకోలేదా?" అని అడిగితే అప్పుడు బయటపడింది. "పండుకుంటే ఈ పక్క సలుపు సంపుతాది అమ్మగారూ. అయ్యగారికి మాత్రం సెప్పొద్దు" అన్నదట.

ఎందుకు చెప్పకూడదు? మూడు కారణాలు చెప్పింది. ఒకటి: "బాగైనానని అందరి ముందర సెప్పినా గదమ్మా. మళ్లా నొప్పంటే దేవుని మాట అబద్ధమైపోదా?" రెండు: "నా కొడుకు అప్పు తీర్సనీకే సుగ్గికి పోయినాడు. ఆ ఆపరేషన్ వృథా అయిందని యా నోటితో సెప్పేది?" మూడు: "మళ్లా కోస్తామంటారేమో."

నా భార్య ఇంటికి వచ్చి ఈ సంగతి చెప్పినప్పుడు నేను భోజనము చేస్తున్నాను. అన్నము గొంతు దిగలేదు. ఆ తల్లి నోటిని మూసినది నొప్పి కాదు, నా తొందరపాటు. సాక్ష్యము ఆమెది, దానికి "పూర్తిగా" అనే మాట తగిలించి ఊరూరా మోసినది నేను.

మరునాడు వెళ్లి ఆమె ఎదుట క్రింద కూర్చొని క్షమాపణ అడిగాను. ఆమె ఏడ్చింది. తరువాత నవ్వి, "మీరేం జేస్తారులే నాయనా, మీకు తుంటి నొప్పి వచ్చిందా ఏమన్నానా" అన్నది. ఆ మాట సరిగా తగలవలసినచోటే తగిలింది.

కొడుకుకు ఫోను చేశాము. అతను రెండు రోజులలో వచ్చాడు. ముగ్గురము కలిసి, ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గరికే పోయాము. ఆ దినము నేను విన్నదీ, తరువాత అడిగి తెలిసికొన్నదీ, చదివినదీ మీ ఇంటి పెద్దవారికి అక్కరకు వస్తుందని క్రింద వ్రాస్తున్నాను. నేను డాక్టరును కాను. ఇది వైద్యుని దగ్గరికి దారి చూపడానికే గాని, వైద్యునికి బదులుగా కాదు.

ఈ నొప్పి ఎక్కడిది?

డాక్టరు గారు ముందుగా అవ్వను ఒక్క ప్రశ్న అడిగారు: "నొప్పి ఎక్కడో ఒక్క వ్రేలితో చూపించమ్మా." అవ్వ తుంటికి ప్రక్కన, బయటివైపు పొడుచుకొని ఉండే ఎముక మీద వ్రేలు పెట్టింది. ఆయన అక్కడ నొక్కగానే "అమ్మా" అని కేక వేసింది. "కీలు నొప్పి సాధారణముగా గజ్జలో తెలుస్తుంది. ఇది కీలు బయటి నొప్పి" అన్నారాయన.

మన శరీరములో ఎముక మీద కండరమో, నరమువంటి కండర త్రాడో రాచుకొనే ప్రతిచోట దేవుడు ఒక చిన్న తిత్తిని పెట్టాడు. మన అవ్వలు రొంటిన దోపుకొనే వక్కాకు తిత్తి వంటిదే, అయితే చాలా పలుచనిది. అందులో జారుడుగా ఉండే కొంచెము ద్రవము ఉంటుంది. ఇరుసుకు కందెన ఎట్లాగో ఎముకకు ఇది అట్లా. దీనిని డాక్టర్లు బర్సా అంటారు. ఇది ఒరుసుకొని వాచితే బర్సైటిస్ అంటారు. తుంటి ప్రక్క ఎముక మీద అటువంటి తిత్తి ఒకటి ఉన్నది.

అయితే ఇటీవలి కాలములో వైద్యులు ఇంకొక సంగతి గ్రహించారు. ఈ నొప్పి ఉన్న చాలామందిలో అసలు చెడినది తిత్తి కాదు. పిరుదు ప్రక్క కండరాలు ఆ ఎముకకు అంటుకొనేచోట ఉండే త్రాళ్లు బలహీనపడి, నలిగి, నొప్పి పెడుతున్నవి. తిత్తి వాపు ఒక్కొక్కసారి దానికి తోడవుతుంది. ఈ తేడా తెలిసికొనడము ఎందుకు ముఖ్యమంటే, వాపు మాత్రమే అయితే మందుతో పోతుంది. బలహీనత అయితే బలము తెచ్చుకొంటేనే పోతుంది.

కీలు మార్చిన తరువాత ఇది ఎందుకు వస్తుంది?

కీలు మార్పిడి నేటి వైద్యములో గొప్ప మేలు. ఈనాడు మనము చూచే పద్ధతికి బాట వేసినవాడు ఇంగ్లండు దేశస్థుడైన సర్ జాన్ చార్న్లీ. మొదట ఆయన గిన్నె భాగానికి టెఫ్లాన్ వాడాడు. అది అరిగిపోయి రోగులు బాధపడ్డారు. ఆయన ఆ వైఫల్యమును దాచలేదు. వేరొక ప్లాస్టిక్కును వెదకి, లోహపు గుండు, ప్లాస్టిక్కు గిన్నెతో 1962 నవంబరులో రైటింగ్టన్ ఆసుపత్రిలో మళ్లీ మొదలుపెట్టాడు. తన పని సరిగా లేదని ఒప్పుకొన్నాడు గనుకనే తరువాతి పని నిలిచింది. ఇది డాక్టర్లకే కాదు, కాపరులకు కూడా పాఠమే.

కీలు బాగున్నా చుట్టూ ఉన్న కండరాలకు కొంత శ్రమ కలుగుతుంది. కారణాలు కొన్ని:

మొదటిది, ఆపరేషన్‌లో తుంటి ప్రక్క నుండి కీలు దగ్గరికి పోవలసివస్తే అక్కడి కండరాన్ని తొలగించి మళ్లీ కలుపుతారు. అది తిరిగి బలపడడానికి నెలలు పడుతుంది.

రెండవది, ఆపరేషన్‌కు ముందు చాలాకాలము కుంటినవారికి ఆ ప్రక్క కండరాలు అప్పటికే చిక్కిపోయి ఉంటాయి. క్రొత్త కీలు వేసినా పాత కుంటు నడక అలవాటుగా మిగిలిపోతుంది.

మూడవది, కొందరికి ఒక కాలు రవంత పొడవో పొట్టో అవుతుంది. తేడా చిన్నదైనా ప్రతి అడుగులో తుంటి మీద భారము మారుతుంది.

నాలుగవది మన అలవాట్లు. దానిని క్రింద వివరముగా చెప్తాను.

మోకాలి కీలు మార్పిడి చేయించుకొన్నవారికి కూడా నడక మారినందువలన ఈ తుంటి ప్రక్క నొప్పి రావచ్చును. నడివయస్సు దాటిన స్త్రీలలో ఇది ఎక్కువ. ఆపరేషన్ ఏదీ లేకుండా కూడా వస్తుంది.

గుర్తులు ఇవి: ఆ ప్రక్కకు పడుకొంటే సలుపు, చాలాసేపు కూర్చొని లేచేటప్పుడు మొదటి అడుగులలో పోటు, మెట్లు ఎక్కేటప్పుడు, చీర కట్టుకొనడానికి ఒంటికాలి మీద నిలిచినప్పుడు నొప్పి, ప్రక్క ఎముక మీద నొక్కితే భరించలేకపోవడము. కొందరికి తొడ బయటివైపుగా మోకాలి దాకా దిగుతుంది.

ముందు చేయవలసినది పరీక్ష

కీలు మార్చినవారు తుంటి నొప్పి అనగానే "ఇది బర్సైటిస్‌లే" అని ఇంట్లో తీర్మానించుకోకూడదు. కీలు వదులై ఉండవచ్చును. లోపల చీము పట్టి ఉండవచ్చును. ఎముకలో బీట ఉండవచ్చును. నడుము నరము నొక్కుకొని నొప్పి తుంటికి దిగుతూ ఉండవచ్చును. అందుకే డాక్టరు గారు అవ్వకు ఎక్స్-రే తీయించారు. రక్తములో ఇన్ఫెక్షన్‌ను తెలిపే ఇ.ఎస్.ఆర్., సి.ఆర్.పి. పరీక్షలు చేయించారు. అన్నీ బాగున్నవి. "నీ కొడుకు పెట్టిన ఖర్చు ఎక్కడికీ పోలేదమ్మా. కీలు ఇనుపగుండు మాదిరి ఉంది" అన్నారాయన. ఆ మాటకు ఆ కొడుకు ముఖము తిప్పుకొని కన్నీళ్లు తుడుచుకొన్నాడు. అవ్వ సగము నొప్పి అక్కడే పోయిందని నా నమ్మకము.

ఈ క్రింది గుర్తులు ఉంటే ఒక్క దినము కూడా ఆగక ఆసుపత్రికి పోవలెను: జ్వరము, చలి, ఆపరేషన్ గాటు ఎర్రబడడము, వేడి, చీము కారడము, అకస్మాత్తుగా కాలు మోపలేకపోవడము, కాలు పొట్టిదైనట్లో బయటికి తిరిగినట్లో కనబడడము, పడిన తరువాత వచ్చిన నొప్పి, పిక్క వాచి నొప్పి పెట్టడము, కాలు మొద్దుబారడము, మూత్రము పట్టు తప్పడము. గజ్జలో నొప్పి రోజురోజుకు ఎక్కువవుతున్నా త్వరగా చూపించాలి.

సూదిమందు మాట

అవ్వను డాక్టరు గారు "ఈ లోపల ఏమి వాడినావు?" అని అడిగారు. ఊరిలో తెలిసిన ఒకాయన దగ్గర నాలుగుసార్లు తుంటికి సూది వేయించుకొన్నానని, మందుల షాపులో అడిగి నొప్పి మాత్రలు రోజుకు రెండు మూడు మ్రింగానని చెప్పింది. ఆయన ముఖము మారిపోయింది.

పాఠకులారా, దీనిని గుర్తుంచుకొనండి. కీలు మార్చిన తుంటి దగ్గర తెలియనివారిచేత సూది వేయించుకోవద్దు. శుభ్రములేని సూదితో క్రిములు లోపలికి పోయి లోహపు కీలును పట్టుకొంటే, వాటిని మందులతో వదలగొట్టడము చాలా కష్టము. ఒక్కొక్కసారి కీలునే తీసివేయవలసివస్తుంది.

అట్లే డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు వారాల తరబడి మ్రింగితే ముసలివారికి కడుపులో పుండ్లు పడి రక్తస్రావము కావచ్చును, మూత్రపిండాలు చెడవచ్చును, రక్తపోటు, గుండె జబ్బు ఉన్నవారికి మరీ ప్రమాదము. మలము నల్లగా తారువలె వస్తే వెంటనే ఆసుపత్రికి పోవలెను. నొప్పికి పారాసిటమాల్ కొంత మేలు. అయినా డాక్టరు చెప్పిన మోతాదు మించకూడదు. కాలేయపు జబ్బు ఉన్నవారు ముందే చెప్పాలి. పైన పూసే నొప్పి జెల్ కూడా కొందరికి చాలుతుంది.

స్టిరాయిడ్ సూది అనేది వేరు. దానిని ఎముకల డాక్టరే, పూర్తి శుభ్రతతో, కీలులోనికి కాక ప్రక్కనున్న తిత్తి దగ్గర వేస్తారు. కొన్ని వారాలు మంచి ఉపశమనము ఉంటుంది. షుగరు ఉన్నవారికి కొద్ది రోజులు షుగరు పెరుగుతుంది గనుక చూచుకోవాలి. అయితే అది ఒక్కటే చాలదు. ఆస్ట్రేలియా దేశములో ఈ తుంటి ప్రక్క నొప్పి ఉన్న 204 మందిని మూడు గుంపులుగా చేసి పరిశీలించి 2018లో ఫలితాలు ప్రకటించారు. వారు కీలు మార్చినవారు కారు గాని, ఆ ఫలితము మనకు ఉపయోగమే. 8 వారాలకు, అలవాట్లు మార్చుకొని వ్యాయామము చేసినవారిలో నూటికి 77 మంది బాగుపడ్డామన్నారు. సూది వేయించుకొన్నవారిలో 58 మంది, ఏమీ చేయక వేచి ఉన్నవారిలో 29 మంది ఆ మాట చెప్పారు. ఏడాది తరువాత కూడా వ్యాయామము చేసినవారే ముందున్నారు. సూది పని చేయదని దీని అర్థము కాదు. ఓపికగా చేసే చిన్న పని ఎక్కువకాలము నిలుస్తుందని అర్థము.

ఇంట్లో చేయవలసినవి

డాక్టరు గారు, అక్కడి ఫిజియోథెరపీ చెల్లెలు అవ్వకు చెప్పినవి ఇవి. మన ఇండ్లలో చేయలేనివి ఇందులో ఏవీ లేవు.

పడక: నొప్పి ఉన్న ప్రక్కకు పడుకోవద్దు. వెల్లకిలా పడుకోవచ్చును. రెండవ ప్రక్కకు పడుకొంటే మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోవాలి. దిండు లేకపోతే పాత చీరలు మడిచి కట్టిన మూట చాలు. అది లేకపోతే పై కాలు ముందుకు వ్రాలి, ఆ త్రాళ్లు ఎముక మీద రాత్రంతా లాగబడుతూనే ఉంటాయి. బండల మీద చాప ఒక్కటి పరచుకొని పడుకొనే అలవాటు మానాలి; క్రింద బొంత మందముగా ఉండాలి. పడి లేవడానికి ఎత్తైన మంచము మేలు.

కూర్చొనడము: క్రింద కూర్చొనడము, బాసిపట్టు వేయడము, గొంతుక్కూర్చొనడము, కాలు మీద కాలు వేయడము కీలు మార్చినవారికి మంచిది కాదు. కీలు తప్పుకొనే ప్రమాదము కూడా ఉన్నది. మరుగుదొడ్డికి కమోడు అవసరము. అది కట్టించుకొనే స్థోమత లేకపోతే, నడుమ రంధ్రమున్న కమోడు కుర్చీ కొని, మామూలు దొడ్డి మీద పెట్టుకోవచ్చును. కుర్చీ మోకాళ్ల కంటే కొంచెము ఎత్తు ఉండాలి.

నిలబడడము: మన స్త్రీలు బిందెనో, మనుమనినో ఒక ప్రక్క నడుము మీద పెట్టుకొని, ఆ తుంటిని బయటికి నెట్టి నిలబడతారు. ఈ నొప్పికి అంతకంటె శత్రువు లేదు. ఉత్తగా మాట్లాడుతూ నిలబడినప్పుడు కూడా ఒక కాలి మీదనే ఒరగకుండా రెండు కాళ్ల మీద సమముగా నిలబడాలి.

చేతికర్ర: దీనిని చాలామంది తప్పుగా పట్టుకొంటారు. కుడి తుంటి నొప్పి అయితే కర్ర ఎడమ చేతిలో ఉండాలి. ఎడమది నొప్పి అయితే కుడి చేతిలో. నొప్పి ఉన్న కాలు, కర్ర ఒకేసారి ముందుకు పోవాలి. అప్పుడు తుంటి కండరానికి పని తగ్గుతుంది. మా అవ్వ ఆరు నెలలుగా నొప్పి ఉన్న వైపే కర్ర పట్టుకొంటున్నది. చేయి మార్చిన దినమే తేడా తెలిసిందన్నది.

కాపడము: నొప్పి ఎక్కువైనప్పుడు మంచుముక్కలు గుడ్డలో చుట్టి 10 నుండి 15 నిమిషాలు పెట్టవచ్చును. కొందరికి గోరువెచ్చని కాపడము హాయిగా ఉంటుంది. గాటు మీద మాత్రము వేడి పెట్టకూడదు. స్పర్శ తెలియని షుగరు రోగులు రెండింటిలోనూ జాగ్రత్తగా ఉండాలి.

వ్యాయామము: మొదట పడుకొని పిరుదులను బిగించి 5 అంకెలు లెక్కించి వదలడము. తరువాత వెల్లకిలా మోకాళ్లు మడిచి నడుమును కొంచెము పైకి లేపడము. ఆ తరువాత గోడనో కుర్చీనో పట్టుకొని నిలబడి కాలిని మెల్లగా ప్రక్కకు జరపడము. ఏది ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎన్నిసార్లో ఫిజియోథెరపిస్టు చెప్పాలి. ఆపరేషన్ చేసిన విధానాన్ని బట్టి కొందరికి కొన్ని కదలికలు కూడదు. చేసేటప్పుడు కొద్దిగా నొప్పి ఉండవచ్చును గాని, ఆ రాత్రి సలుపు ఎక్కువైతే మరునాడు తగ్గించాలి. రెండు మూడు నెలలు విడువక చేయాలి. పూర్తిగా మంచము పట్టి విశ్రాంతి తీసికొంటే కండరము ఇంకా చిక్కిపోతుంది.

ఇవన్నీ చేసినా తగ్గకపోతే ఇతర చికిత్సలు ఉన్నవి. మళ్లీ ఆపరేషన్ అవసరమయ్యేది బహు కొద్దిమందికే. ఈ మాట అవ్వకు రెండుసార్లు చెప్పించాను.

నొప్పి శత్రువా?

వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పని చేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ గారిని మీలో కొందరు ఎరుగుదురు. తమిళనాడులోని కొల్లి కొండలలో మిషనరీల బిడ్డగా 1914లో పుట్టి, 1946లో వైద్యునిగా మన దేశానికి తిరిగివచ్చాడు. కుష్ఠరోగుల వ్రేళ్లు, పాదాలు ఎందుకు చెడిపోతున్నవో ఆయన పరిశీలించాడు. వారు నొప్పి తెలియక కాల్చుకొంటున్నారు, కోసుకొంటున్నారు, పుండు మీదనే నడుస్తున్నారు. నొప్పి తెలియకపోవడమే వారి శాపము. నొప్పి దేవుడు శరీరములో పెట్టిన కావలివాడని ఆయన జీవితమంతా బోధించాడు.

ఆయన శిష్యురాలు డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో కారు ప్రమాదములో నడుము క్రింద చచ్చుబడిపోయింది. అయినా చక్రాల కుర్చీలో కూర్చొనే కుష్ఠరోగుల చేతులకు ఆపరేషన్లు చేసింది. వికలాంగులను తిరిగి జీవితములో నిలబెట్టే కేంద్రము ఆమె కృషి వలన 1966లో వెల్లూరులో ఏర్పడింది. ఆమె నడవలేదు, ఎందరినో నడిపించింది. ఆమె సాక్ష్యము తక్కువదని ఎవరనగలరు?

కావలివాడు కేక వేస్తే రెండు విధాలుగా తప్పు చేస్తాము. ఒకటి, మాత్రలతో వాని నోరు నొక్కడము. రెండవది, విశ్వాసము పేరుతో నోరు నొక్కడము. మొదటిది అవ్వ చేసింది. రెండవది నేను చేశాను.

యాకోబు కుంటు

ఆదికాండము 32వ అధ్యాయములో యాకోబు రాత్రియంతా పెనుగులాడిన సంగతి మనకందరికి తెలుసు. దానిని ఎన్నోసార్లు బోధించాను. అయితే ఈ అవ్వ సంగతి తరువాత చదివినప్పుడు ఒకటి క్రొత్తగా కనబడింది. ఆ ఒక్క రాత్రిలోనే అతడు ఆశీర్వాదమూ పొందాడు, తొడగూడు వసిలి కుంటు కూడా పొందాడు. ఆశీర్వాదము వచ్చింది గనుక కుంటు పోలేదు. కుంటు ఉన్నది గనుక ఆశీర్వాదము అబద్ధము కాలేదు. సూర్యోదయమైనప్పుడు అతడు కుంటుతూనే పెనూయేలు దాటాడు. అతని సంతతివారు ఆ తుంటినరమును జ్ఞాపకము చేసికొని దానిని తినడము మానారు. దాచలేదు, తరతరాలు చెప్పుకొన్నారు.

అవసాన కాలములో అదే యాకోబు చేతికర్ర మీద ఆనుకొని దేవునికి మ్రొక్కాడని హెబ్రీ పత్రిక 11వ అధ్యాయము సాక్ష్యమిస్తున్నది. విశ్వాస వీరుల పట్టికలో చేతికర్రకు చోటు దొరికింది. అట్లయితే మన మందిరములో దానికి చోటు ఎందుకుండకూడదు?

హిజ్కియాకు స్వస్థత వాగ్దానము చేసిన ప్రవక్తయే పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద వేయించాడు. పౌలు వెంట నడిచిన లూకా వైద్యుడు. పౌలు తన శరీరములోని ముల్లును గూర్చి సంఘానికి దాచకుండా వ్రాశాడు. ప్రార్థనా, మందూ, నిజము చెప్పుకొనడమూ – ఈ మూడింటికీ బైబిలులో జగడము లేదు. జగడము మనము పెట్టినదే.

మన ఇండ్లలో, మన మందిరాలలో

కుమారులారా, కోడండ్రారా, మీ ఇంటి పెద్దవారు "ఏమీ ల్యాదు" అంటే అక్కడితో విడిచిపెట్టకండి. "రాత్రి ఏ ప్రక్కకు పడుకొంటున్నావమ్మా? ఎన్నిసార్లు మేలుకొంటున్నావు?" అని అడగండి. జవాబు అక్కడ దొరుకుతుంది. ఖర్చు మాట వారి ముందు మాటిమాటికి ఎత్తకండి. ఆపరేషన్ కాగితాలు, ఎక్స్-రేలు జాగ్రత్తగా దాచిపెట్టండి. ఏ డాక్టరు దగ్గరికి పోయినా అవి అవసరము. బియ్యము కార్డు ఉన్నవారు ప్రభుత్వ ఆరోగ్య పథకము క్రింద ఏమి దొరుకుతుందో ఆసుపత్రిలో అడగండి. సుగ్గికి పోయే ముందు, ముసలివారికి నీళ్లు ఎవరు తెచ్చిపెడతారో ఏర్పాటు చేసి పోండి.

తోటి కాపరులారా, సాక్ష్యము చెప్పించేటప్పుడు తొందరపడకండి. "పూర్తిగా" అనే మాట వారి నోట మనము పెట్టవద్దు. ప్రభువు చేసినంత చెప్పనిద్దాము. మిగిలిన నొప్పిని కూడా చెప్పనిద్దాము. ఆ మిగిలినదాని కొరకే గదా సంఘము ప్రార్థించవలసినది.

మా మందిరములో స్త్రీలందరూ చాపల మీదనే కూర్చొంటారు. ఉన్న రెండు కుర్చీలు నాకూ, వచ్చే అతిథికీ. అవ్వ నిలబడి ఆరాధించినది భక్తి తగ్గి కాదు, కూర్చొనే చోటు లేక. కుర్చీ అడగడము గర్వమనుకొన్నది. ఇప్పుడు గోడ ప్రక్కగా ఆరు కుర్చీలు వేశాము. మొదటి ఆదివారము ఎవరూ కూర్చోలేదు. పెద్దవారందరూ ఒకరినొకరు చూచుకొన్నారు. నేను ప్రసంగానికి ముందు దిగివచ్చి అవ్వను చేయి పట్టి కూర్చోబెట్టాను. తరువాత ఇంకొక తల్లి లేచి వచ్చింది. ఆమెకు మోకాళ్ల నొప్పులని మాకు అప్పుడే తెలిసింది. ఆరాధన ముగిసేసరికి ఒక్క కుర్చీ కూడా ఖాళీగా లేదు.

అవ్వకు ఇప్పుడు మూడు నెలలైనది. రాత్రి నాలుగైదు గంటలు నిద్ర పడుతున్నది. మెట్లు ఎక్కితే ఇంకా పోటు ఉన్నది. బిందెకు బదులు ప్రక్కింటి పిల్లవాడు సైకిలు మీద క్యాను తెచ్చిపెడుతున్నాడు. మొన్న ఆదివారము ఆమె తానుగా సాక్ష్యానికి లేచింది. నేను ఏమీ చెప్పలేదు. "దేవుడు నడిపించినాడు. నొప్పి ఇంగా కొంచెం ఉంది. ప్రార్థన సేయండి" అని కూర్చొన్నది. ఇంతవరకు మా సంఘములో నేను విన్న సాక్ష్యాలలో అంత నిజమైనది లేదు.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, మమ్మును నిర్మించినవాడవు నీవే, మా ఎముకలు, కీళ్లు నీకు తెలియనివి కావు. వృద్ధాప్యములో నొప్పిని దాచుకొని నవ్వే మా తల్లిదండ్రులను కనికరించుము. వారిని అడిగే ఓపిక మాకిమ్ము. వైద్యుల చేతులను నడిపించుము. తొందరపడి మాట్లాడిన మా నోళ్లను క్షమించుము. కుంటుతూ వచ్చినవారికి నీ మందిరములో చోటు చేసే సంఘముగా మమ్మును చేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.